రహస్యానికి ఇరవై అడుగుల ఫ్లెక్సీ

రహస్యం దాచడానికి ఇనప్పెట్టె పనికిరాదండీ, ఇరవై అడుగుల ఫ్లెక్సీ కావాలి! నవ్వకండి. సిద్దిపేట బస్టాండు ముందు కట్టిన ఫ్లెక్సీ కథ విన్నాక మాట్లాడండి.

మనుషుల అక్రమ రవాణా నుంచి బయటపడిన మహిళల వివరాలు గోప్యంగా ఉంచాలని నిబంధన. మా పోలీసు అధికారులకు నిబంధన అంటే ప్రాణం. అందుకే, గల్ఫ్‌లో ఇంటిపని అని నమ్మి అమ్ముడుపోయి, ఎలాగో తిరిగొచ్చిన ఒకామెను సభకు పిలిచారు. శాలువా కప్పారు. ఆ ఫొటోతో ఫ్లెక్సీ కొట్టించారు. ఆమె కళ్ళ మీద నల్లపట్టీ కూడా వేయించారు! పక్కన పెద్దసారు గజేందర్ కళ్ళు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

పేరు వేయలేదు. 'అక్కన్నపేట వాస్తవ్యురాలు, ప్రస్తుతం కూరగాయల మార్కెట్ వెనక, నీలం షట్టర్‌లో టైలరింగ్' అని మాత్రమే వేశారు. ఇంతకన్నా గోప్యత ఎవరివల్లవుతుంది?

లాభాలు చూడండి! ఇదివరకు ఆ షాపుకు కుట్టించుకునేవాళ్ళే వచ్చేవారు. ఇప్పుడు ఊరంతా వస్తోంది. మా పక్కింటి ప్రశాంతి జాకెట్ ముక్క పట్టుకెళ్ళి, అరగంట ఊరికే నిలబడిందట.

"పేరు దాచినామె నువ్వేనా అక్కా?"

"నేను టైలర్‌ను. చేతులు లేపు, కొలత తీసుకోవాలె."

కాలేజీ పిల్లలు సెల్ఫీకి వచ్చి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొమ్మని వాళ్ళే గుర్తుచేశారు. యువతకు ఎంత అవగాహన!

మొన్న ముసురు పట్టింది. మూడోరోజు ఫ్లెక్సీ మాయం! శాఖ అంతా కదిలింది. సీసీ కెమెరాలు తిరగేశారు, ఆటోవాళ్ళను నిలదీశారు, చివరికి నీలం షట్టర్ ముందు జీపు ఆపారు. మా వీధే కనుక నేనూ వెళ్ళాను. ఫ్లెక్సీ షాపు రేకుల మీద ఉంది, నాలుగు మూలలా రాళ్ళతో. సరిగ్గా కురిసేచోట పెద్దసారు మొహం.

"సర్కారు ఫ్లెక్సీ ఎత్తుకొస్తవా?" గద్దించారు గజేందర్.

"రేకులు కురుస్తున్నయి సారు. కుట్టిన బట్టలు తడుస్తున్నయి." ఆమె మిషన్ ఆపలేదు. "నన్ను ఎంతసేపట్ల దొరకబట్టిన్రు?"

"రెండు గంటలల్ల!" అన్నారాయన గర్వంగా.

"మంచిగ చేసిన్రు. నన్ను అమ్మిన ఏజెంటు ఫొటో, ఫోన్ నంబరు, ప్రజ్ఞాపూర్ల ఇంటి అడ్రసు మీకే రాసిచ్చి రెండేండ్లాయె. ఆడు గూడ గిసొంటి ఫ్లెక్సీ ఒకటి ఎత్తుకపోతే బాగుండు."

నాకైతే సిగ్గేసింది.

పాఠకులారా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రహస్యం దాచడానికి ఫ్లెక్సీ కూడా అక్కర్లేదు. ఆ ఏజెంటు పేరు మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరికీ తెలియదు!