దేనికండీ సీక్వెల్?

శనివారం పొద్దున్న గడ్డానికి నురగ పట్టించుకుని అద్దం ముందు నిలబడ్డాడు పళ్ళాయన. కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే పని కాబట్టి వీధిలో అందరికీ ఆయన పళ్ళాయనే. అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసిన భార్య గుమ్మంలోంచి కేకేసింది.

"ఏవండీ, మీ ల్యాబు పక్కన పుస్తకాల షాపుంది కదా. సాయంత్రం వచ్చేటప్పుడు నాకో సీక్వెల్ పుస్తకం తెండి. ఓనమాలు కూడా రానివాళ్ళకి అర్థమయ్యేది చూసి మరీ తెండి!"

"అలాగే," అన్నాడు నురగలోంచి.

ఆవిడ పార్సిళ్ళ కంపెనీలో పనిచేస్తుంది. "నా పార్సిలు ఎక్కడుందండీ?" అని అడిగేవాళ్ళకి ఫోన్లో జవాబు చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది. పై అంతస్తులో, ఫోనన్నది మోగని రిపోర్టుల సెక్షన్లో ఒక కుర్చీ ఖాళీ అయింది. అది దక్కాలంటే నెలాఖర్న ఎస్‌క్యూఎల్ పరీక్ష గట్టెక్కాలి. కంప్యూటర్లో టేబుళ్ళుగా పేర్చిపెట్టిన వివరాలని ప్రశ్నలడిగి బయటికి లాగే భాష అది. ఆ పనిలో ఉన్నవాళ్ళు నోరు తిరగడానికి దాన్ని సీక్వెల్ అంటారు. తప్పితే పరువు పోతుందని ఆవిడ పరీక్ష సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పళ్ళాయనకి తెలిసిన సీక్వెల్ ఒక్కటే, హిట్టయిన సినిమాకి వచ్చే రెండో భాగం.

మధ్యాహ్నం షాపుకి వెళ్ళి, "ఓ సీక్వెల్ ఇవ్వండి," అన్నాడు.

"దేనికండీ సీక్వెల్?" అంది షాపావిడ.

పళ్ళాయనకి చచ్చినా నోట రాని మాట ఒకటుంది. అది 'తెలీదు'.

"మొదట్నుంచీ ఉండేది," అన్నాడు గంభీరంగా.

"మొదట్నుంచీ ఉంటే అది సీక్వెల్ ఎలా అవుతుందండీ? సీక్వెలంటే రెండోది కదా?"

"రెండోదే. కానీ మొదటిదాని మొహం చూడనివాళ్ళకి కూడా అర్థం కావాలి."

షాపావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒకసారి ఇంట్లో కనుక్కోండి," అంది నెమ్మదిగా.

ఫోన్ చేశాడు. భార్య మీటింగులో ఉంది. గుసగుసగా పలికింది. "దేనికేంటండీ? ఉత్త సీక్వెల్. దొరక్కపోతే మై సీక్వెల్ అయినా పర్లేదు. మా ఆఫీసులో అందరి చేతుల్లోనూ అదే. ఉంటా."

మై సీక్వెల్ అన్నది ఆ భాషతోనే నడిచే ఒక సాఫ్ట్‌వేరు పేరు. పళ్ళాయనకి మాత్రం 'మై' అంటే 'నా'. అంటే భార్య పుస్తకం రాసింది! ఒకటి కాదు, అప్పుడే రెండోది. ఆఫీసంతా చదివేస్తోంది. తాళి కట్టిన మొగుడికి తప్ప లోకమంతటికీ తెలుసు. మొదట కాస్త చివుక్కుమంది. ఆ తర్వాత ఛాతీ దానంతటదే ఉబ్బింది. ఈమధ్య ఆవిడ గిన్నెలు తోముతూ తనలో తాను గొణుక్కోవడం, పాల ప్యాకెట్ల బిల్లు వెనక ఏదో రాసి కొట్టేయడం గుర్తొచ్చాయి.

"అది మా ఆవిడ రాసిందేనండీ," అన్నాడు.

షాపావిడ చటుక్కున లేచి నిలబడింది. "ఎంత మంచివారండీ! ఇవాళ మా షాపులో పాఠకుల సమావేశం. రావలసిన రచయితగారికి గొంతు పోయింది. మేడమ్‌గారిని ఒక్క అరగంట మాట్లాడమనండి!"

'కుదరదు' అన్న మాట కూడా పళ్ళాయనకి అలవాటు లేదు. 'సాయంత్రం సరాసరి షాపుకి రా. నీకోసం ఒక ఏర్పాటు చేశాను,' అని భార్యకి మెసేజి పెట్టి, తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, నీ కోడలు నవల రాసిందే!"

"నేను అనుకుంటూనే ఉన్నానురా," అంది ఆవిడ, దొరికిన ప్రతి నవలనీ నమిలి మింగే మనిషి. "అంత తక్కువ మాట్లాడే పిల్ల కడుపులో ఏదో దాచుకునే ఉంటుందని."

సాయంత్రానికి షాపులో కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. ముందు వరసలో అత్తగారు. భుజాన బ్యాగుతో లోపలికొచ్చిన భార్యకి ఇస్త్రీ చొక్కాలో మొగుడు, ఎదురుగా ఇంతమంది జనం కనిపించారు. ఆవిడకి విషయం అర్థమైపోయింది. పరీక్ష సంగతి ఈయన ఎలాగో కనిపెట్టి, ఏకంగా కోచింగ్ క్లాసే పెట్టించాడు! కళ్ళు చెమర్చాయి.

"ముందుగా సీక్వెల్ గురించి మేడమ్ మాటల్లోనే విందాం," అంది షాపావిడ.

తనకి ఎంతవరకు వచ్చో తెలుసుకోవడానికి అడుగుతున్నారనుకుంది భార్య. భోజనాల టైములో తోటి ఉద్యోగిని చెప్పిన నాలుగు ముక్కలూ కూడగట్టుకుంది.

"నాకు పెద్దగా రాదండీ. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టా."

ఎంత వినయం అనుకుంటూ అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇందులో ప్రేమ ఉందా అండీ?" అడిగింది మెట్ల మీదున్న ఒక నర్సు.

ఆవిడ 'ఫ్రేమ్' అందనుకుంది భార్య. "ఫ్రేముల సంగతి తెలీదు గానీ జాయిన్లు ఉన్నాయండీ. ఈ టేబుల్లోవాళ్ళని ఆ టేబుల్లోవాళ్ళతో కలపాలి. ఇద్దరిలోనూ ఏదో ఒకటి కలవాలి, లేకపోతే కుదరదు."

"నిజమేనమ్మా," అన్నాడు విడాకుల కేసులు చూసే ప్లీడరు ఒకాయన, అనుభవం కొద్దీ.

"ఎడమవైపు జాయిన్ అని ఇంకోటుంది. అందులో అవతల జోడీ దొరక్కపోయినా సరే, ఇవతలివాళ్ళని వదిలిపెట్టరు. పక్కన ఖాళీ గడితో అలాగే ఉంచుతారు."

నర్సు ముక్కు చీదుకుంది. అత్తగారు కొంగు కళ్ళకద్దుకుంది.

"మరి చావులు?" అన్నాడు ప్లీడరు.

"డిలీట్ చేసేటప్పుడే భయమండీ. ఫలానావాళ్ళని అని చెప్పకుండా కొట్టామా, ఒక్క దెబ్బకి అందరూ పోతారు. మా ఆఫీసులో ఒకాయన అలాగే ఒక ఊరు ఊరంతా లేపేశాడు."

షాపంతా ఊపిరి బిగబట్టింది. "ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?" అని నాలుగు మూలల నుంచీ అడిగారు.

"నేనూ దానికోసమేగా వచ్చింది!" అంది భార్య. "అస్సలేమీ రానివాళ్ళకి ఎస్‌క్యూఎల్ నేర్పేది."

షాపావిడకి బల్బు వెలిగింది. చరచరా లోపలికి వెళ్ళి, కంప్యూటర్ల అరలో దుమ్ము పట్టి పడున్న నాలుగైదు పుస్తకాలు ఎత్తుకొచ్చింది. నిజం చెబుదామనే నోరు తెరిచింది పాపం. ఆ లోపలే చేతులు చాచి లాగేసుకున్నారు. భార్య జనాన్ని తోసుకుని వచ్చేసరికి బల్ల ఖాళీ. ఆఖరి కాపీ అత్తగారి గుండెలకి హత్తుకుని ఉంది.

"క్లాసు చెప్పే మాస్టారు ఇంకా రాలేదేమండీ?" అంది భార్య నీరసంగా.

"ఏ మాస్టారు? నువ్వు నవల రాయలేదూ?" అన్నాడు పళ్ళాయన.

"నేనా?"

"మై సీక్వెల్ అన్నావుగా!"

అందరూ పళ్ళాయన వైపు తిరిగారు. తర్వాత భార్యే మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కుర్చీలో కూలబడి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. చూస్తున్నవాళ్ళకీ ఆగలేదు. నర్సు, ప్లీడరు నవ్వుకుంటూనే పుస్తకాలు బల్ల మీద పెట్టేశారు. వాటిలోంచి ఒకటి తీసుకుని ఇంటికి పోయుంటే సరిపోయేది.

"ఒకే ఇంటికి రెండెందుకు? దండగ!" అని అత్తగారు అడ్డుపడింది. "నేను మొదలుపెట్టేశా. అయ్యాక నీకిస్తా."

అయ్యేదాకా ఆగితే పరీక్ష అయిపోతుంది. అందుకని అత్తగారు చదవడం, కోడలు వినడం మొదలైంది. ఈవిడ కూరగాయలు తరుగుతుంటే ఆవిడ పీట మీద కూర్చుని, "అమ్మాయ్, ఆ రెండు టేబుళ్ళనీ కలిపే ముక్క నువ్వు మళ్ళీ మర్చిపోయావు. వాళ్ళనలా విడివిడిగా వదిలేస్తావా, మనసెలా ఒప్పింది?" అని నిలదీసేది. కోడలు ఆ ముక్క ఇంకెప్పుడూ మర్చిపోలేదు. పళ్ళాయన పక్క గదిలోంచి అంతా వింటూ, ఎవరూ అడక్కపోయినా తనకంతా తెలుసన్నట్టు తలూపేవాడు.

నెలాఖర్న కోడలు పరీక్ష గట్టెక్కి, ఫోను మోగని ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

అత్తగారికి మాత్రం పుస్తకం ముగింపు నచ్చలేదు. కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి, అక్షరక్రమంలో మాటల పట్టిక వేశాడట.