స్టేడియం రేగడిలో సుంకప్ప చక్రోద్ధరణము

రంగస్వామి చేసింది తప్పు. ఇందులో విచారించవలసింది ఏమీ లేదు. సొంత అక్క హంపమ్మ సంవత్సరీకం నాడు, అందరూ విస్తళ్ల ముందు కూర్చున్న వేళ, సుంకప్ప ఒక్కగానొక్క కూతురు శివానిని చేనుగట్టుకు తీసుకుపోయి డర్ట్ బైకు ఎక్కించినాడు. వెనక్కి వచ్చి, "నీ బిడ్డకు బెదురే లేదు బావా" అని పాయసం అడిగినాడు. భార్య పోయినందుకు సుంకప్ప దేవుణ్ణే క్షమించలేదు. బామ్మర్దిని ఎందుకు క్షమిస్తాడు?

అది అట్లుండగా, ఒక కొసన తుంగభద్ర, మరొక కొసన పెన్న కాపలా కాయగా నడుమ మేఘుడు దారి మరచిన సీమలో, ఫాల్గుణ మాసాన, ప్రచండ మార్తాండుడు బండరాళ్ల చేత సైతం నిట్టూర్పులు విడిపిస్తున్న దినాలలో, ఒకే ఆదివారానికి రెండు డర్ట్ బైకు పందేల రణభేరులు మోగినవి. ఒకటి కర్నూలు స్టేడియంలో. లారీలతో తెచ్చిపోసిన మట్టి, మనిషెత్తు దిబ్బలు, ఇరుకు మలుపులు, చుట్టూ జనం. రెండోది గండికోట పక్క కొండల్లో. రాళ్లు, వంకలు, ముళ్లు, చుట్టూ ఎవరూ లేరు.

"నాకిది మొదటి పందెం నాయనా" అంది శివాని. "గెలిచేది తర్వాత సంగతి. కడదాకా పోయి గీత దాటితే సాలు. యాడికి పొమ్మంటే ఆడికి పోతా. నువ్వే చెప్పు."

ఇరవై రెండేళ్లలో ఆ పిల్ల తండ్రి మాట అడగడం అదే మొదలు. సుంకప్ప ఆ పూట అన్నం సగంలో లేచినాడు. ఇంట్లో మిగిలింది ఇద్దరే. మాట తప్పయితే మిగిలేది ఒక్కడే.

శుక్రవారం బావాబామ్మర్దులు కొండకు పోయినారు. అక్కడ రంగస్వామి ఒక రాతిగుండు మీదికెక్కి, సేనలను ఉద్దేశించిన సేనానివలె చేయి చాచి పలికినాడు.

"చూడు బావా! కొండ ఎంత వెడల్పు ఉండాదో! ఈడ ఒకని బండి ఇంకొకని మీద పడేది లేదు. తిరిగేదానికి తావు, తప్పించుకునేదానికి తావు. గెలిస్తే కొండనే గెలిచినట్లు. స్టేడియంలో ఏముండాది? గానుగెద్దు మాదిరి అదే గుండ్రటి గిరిలో తిరగాల, పదిమంది హ్యాండిళ్లు పక్కటెముకల్లో పొడుస్తాంటాయి."

"పడితే?" అన్నాడు సుంకప్ప.

"పడితే లేస్తాది."

"రాయి మీద పడితే?"

"నిదానంగా లేస్తాది."

సుంకప్ప కాలితో ఒక రాయిని తన్నినాడు. రాయి కదల్లేదు, బొటనవేలు చిట్లింది. కొండ పక్షాన వాదం అంతటితో ముగిసింది.

శనివారం స్టేడియం. ఇరవై ఏళ్లు బండలాగుడు పందేలలో ఎద్దులను తోలినవాడూ, రేగడిచేలలో మూడు కరువులకు ఎదురు నిలిచినవాడూ, మాటకు మారుమాట చెప్పనివాడూ అగు సుంకప్ప, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషివలె గంభీరంగా పందెపు గిరి చుట్టూ నడిచినాడు. వంగి దోసెడు మట్టి తీసినాడు. నలిపినాడు, వాసన చూసినాడు, చిటికెడు నాలుకపై వేసుకున్నాడు. పిల్లనగ్రోవివలె ఈల మెడకు కట్టుకున్న పందెపు పెద్ద ఈరేష్ నోరు తెరిచి చూసినాడు.

"ఏమప్పా పెద్దాయనా, మట్టి తింటాండావు?"

"చెరువు మట్టి. నల్లరేగడి. పొడిగా, మెత్తగా ఉండాది. పడినా ఎముక ఇరగదు." తర్వాత కూతురి వైపు తిరిగి, "ఈడే" అన్నాడు.

ఆ ఒక్క ముక్కకు కావ్యార్థం ఇది: ఓ బిడ్డా, శిలాకంటక సంకులమైన గిరిసీమలో కీర్తి విశాలమే గాని ఆసుపత్రి దూరం, జనసమ్మర్ద సంకటమైన ఈ వలయంలో కీర్తి ఇరుకే గాని నేల తల్లి ఒడివలె మెత్తన, కావున ఇరుకునే వరించుము.

ఆదివారం తెల్లవారింది. పద్నాలుగు బండ్లు బారు తీరినవి. మైకులో ఈరేష్ నియమం చదివినాడు: బయటివాళ్లు గిరిలోకి దిగినా, బండిని తాకినా ఆ బండి పందెంలో లేనట్టే. అప్పుడు, ఎవరూ ఊహించనిది జరిగింది. దుమ్ము లేవకుండా ఒక ట్యాంకరు వచ్చి గిరి పొడుగునా నీళ్లు చల్లింది.

సుంకప్ప కుర్చీలోంచి లేచినాడు. పైరు లేని నేలకు, విత్తనం పడని నేలకు, మనిషి చేజేతులా ట్యాంకరు నీళ్లు పోస్తాడని అతను కలగనలేదు. వాళ్ల ఊళ్లో ఆ ట్యాంకరు వస్తే బిందెలు బారులు తీరుతాయి.

"రేగడి తడిపితే ఏమైతాదో వీళ్లకు తెలీదా?" అన్నాడు.

"నువ్వు ఎంచిన మట్టే గదా బావా" అన్నాడు రంగస్వామి.

జెండా ఊగింది. దిగ్గజ ఘీంకారాలను ధిక్కరించే ఇంజిన్ల హోరుతో, పొగల మేఘాలతో, పద్నాలుగు ఉక్కు గుర్రాలు ముందుకు దుమికి, మొదటి చుట్టు మురిపెంగా ముగించి, రెండో చుట్టులో జిగురులో ఈగలవలె ఎక్కడివక్కడ నిలబడినవి. నల్లరేగడి మేల్కొన్నది. టైర్లకు పట్టింది, మడ్‌గార్డుల కింద దూరింది, చక్రాలను పిడికిట బంధించింది. శివాని పదకొండో నెంబరు బండి మూడో మలుపులో ఆగింది. ఆమె దిగి చేతులతో మట్టి తీయసాగింది. ముఖాన కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు.

బండలాగుడులో మనుషులు ఎద్దుల పక్కనే పరుగెత్తుతారు. అదిలిస్తారు, అరుస్తారు. అక్కడ చూస్తూ కూర్చున్నవాడిని మనిషిగా లెక్కపెట్టరు. సుంకప్ప కాళ్లకు తెలిసిన నియమం అదొక్కటే. కంచె తడికెలోంచి వెదురుదబ్బ పెరికి, పంచె ఎగదోపి, ఏబై ఎనిమిదేళ్ల ఆ మహావీరుడు కంచె దూకినాడు. ఒక చెప్పు రేగడికి ఆహుతి అయింది. రెండోది తానే విసిరినాడు. చేలో తోలే గుంటకకు పట్టిన మట్టిని గీకే చేతివాటంతో, పెళ్లలు పెళ్లలుగా, శత్రుశిరస్సులు తెగవేసినట్లు మట్టిని పెరికి పారేస్తూ, "హెయ్! లాగు! లాగు!" అని గర్జించినాడు.

చక్రం తిరిగింది.

ఈల మోగింది. "పదకొండో నెంబరు అవుట్!"

"నాయనా! ఎవురు రమ్మన్నారు నిన్ను?"

"చక్రం తిరగలా."

"నేనే తీసుకుంటాంటి గదా! కడదాకా పోదామనుకుంటి!"

  సుంకప్ప మడమల లోతు బురదలో, వెదురుదబ్బ పట్టుకుని నిలబడినాడు.

అందుచేత, సమస్త సీమవాసులారా, ఆలకించండి! ఆ ఘోర సంగ్రామంలో ఏడుగురు తమ మట్టి తామే గీకుకుని గీత దాటిరి, ఆరుగురు బండ్లు వదలి నడిచిపోయిరి. ఎవరి ఒంటా గీరైనా పడలేదు. పదకొండో నెంబరు బండి ముందు చక్రం మాత్రం, సుంకప్ప భుజబలం చేత, నిండా అర చుట్టు తిరిగి, రెండు మూరల భూమిని జయించెను.

సాయంత్రం ముగ్గురూ వీధి కొళాయి దగ్గర బండి కడిగినారు. మడ్‌గార్డు కింది మట్టిని శివాని వేళ్లతో తీసింది. చివరకు అడిగింది.

"వచ్చే నెల కొండల్లో ఇంగొకటి ఉండాది నాయనా. స్టేడియమే మేలంటావా ఇప్పుడు కూడా? పొయ్యేదా, వద్దా?"

సుంకప్ప బొటనవేలి గాయం మీద నీళ్లు పోసుకున్నాడు.

"స్టేడియమా, కొండనా అనే మాట నా ముందర ఎత్తాకండి. నన్ను అడగాకండి. ఈ కట్టె కాలేదాకా నేను దాని గురించి నోరు తెరవను."

శివాని మామ వైపు చూసింది.

"పొమ్మనే గదా బావా అర్థం?" అన్నాడు రంగస్వామి.

సుంకప్ప నోరు తెరవలేదు.