ఎనిమిది వందల గీత

“ఒరేయ్, ఈ ప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు,” అన్నాడు భూతద్దం, కాలేజీ మెట్ల మీద నిలబడి కోటు కాలరు పైకెత్తుకుంటూ. “నాకు దొరికినవాళ్ళు, నాకింకా దొరకనివాళ్ళు!”

మొదటి రకంలో అప్పటికి ఒక్క పురుగు కూడా లేదు. వాడు కాలరెత్తిన కోటు కూడా కెమిస్ట్రీ ల్యాబులో వేసుకునే తెల్లకోటే. వీపు మీద యాసిడ్ తిన్న కన్నం ఒకటి ఉంటుంది. దాన్ని తుపాకీ గుండు దెబ్బ అని చెప్పుకుంటాడు.

వాడు, నేను కెమిస్ట్రీ మొదటి సంవత్సరం. ల్యాబులో ఇద్దరిదీ ఒకే బల్ల, అది నా ఖర్మ. ఎప్పుడూ జేబులో భూతద్దం పెట్టుకు తిరుగుతాడు కాబట్టి కాలేజీ అంతా వాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తుంది. దాంతో వాడు ఇంతవరకు కనిపెట్టింది ఒక్కటే, తన చొక్కా గుండీ ఊడిందని. అది కూడా భూతద్దం లేకుండానే కనిపిస్తుంది.

ఈసారి కేసు మాత్రం నా మెడకే చుట్టుకుంది. ఎందుకంటే ముద్దాయి మా అక్క.

అక్క ఆ ల్యాబులోనే డిమాన్‌స్ట్రేటరు. ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ నెలాఖరుకి మా కెమిస్ట్రీ హెడ్డు, పెద్దసారు, ఒక మాట చెబితే అవుతుంది, ఇంకో మాట చెబితే ఇంటికి పోతుంది. రోజూ సాయంత్రం అక్క గాజు కొలజాడీలో సరిగ్గా ఎనిమిది వందల మిల్లీలీటర్ల స్పిరిటు పోసి, పై అరలో పెట్టి, ల్యాబుకి తాళం వేసి వస్తుంది. పొద్దున్నే అందరికంటే ముందు పెద్దసారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి జాడీ చూస్తారు. ఏడు వందల యాభై! ఆ తర్వాత అటెండరు జాడీని దించి స్పిరిటంతా దీపాల్లోకి వంచేస్తాడు. అక్క వచ్చేసరికి ఖాళీ జాడీ, సారు ముడుచుకున్న మూతి మిగులుతాయి.

నెల్రోజులుగా ఇదే వరస.

“నేనెవర్నీ అనుమానించడం లేదమ్మా,” అన్నారు పెద్దసారు మొన్న, అనుమానించే గొంతుతోనే. “తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గరుంది. నన్ను నేను అనుమానించుకోలేను కదా!”

ఆ రోజు ఇంటికొచ్చి అక్క అన్నం ముందు కూర్చుని, లేచి వెళ్ళిపోయింది. “ఉద్యోగం పోతే పోయిందిరా. దొంగ అన్న మాట మోస్తూ ఎక్కడికెళ్ళను?” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం చెయ్యాలో తోచలేదు. తోచకే వెళ్ళి భూతద్దానికి చెప్పాను. మునిగేవాడు ఇనప గుండుని పట్టుకున్నట్టుంది నా పని.

“అక్కా, నువ్వేం దిగులు పడకు,” అన్నాడు వాడు మా ఇంటికొచ్చి, అక్క ఇచ్చిన టీ తాగుతూ. “నా మెదడు పని మొదలుపెట్టింది.”

“ఎప్పట్నుంచి?” అంది అక్క.

“ఇప్పుడే!”

“అదేలే, ఇన్నాళ్ళూ చప్పుడు వినపళ్ళేదు.”

మర్నాడు ల్యాబులో పరిశోధన ఆరంభమైంది. స్పిరిటు అర కింద, నేల మీద బురద పాదముద్ర ఒకటి కనిపించింది. భూతద్దం కళ్ళు మెరిశాయి. బల్ల మీద స్కేలు అందుకుని కొలిచాడు.

“ముప్పై సెంటీమీటర్లు! రాక్షస పాదం!”

తర్వాత టేపు పుచ్చుకుని కనబడ్డవాళ్ళ కాళ్ళన్నీ కొలిచాడు. అటెండరు ఇరవై ఆరు. నేను ఇరవై ఏడు. తనది ఇరవై ఎనిమిది. ముప్పై ఎవరికీ రాలేదు.

“చూశావా? ఈ కాలేజీలో ఎవరికీ లేనంత పాదం. అంటే ఆజానుబాహువు! పై అర చెయ్యి చాచి అందుకోగలడు. నెల్రోజుల క్రితం దాకా జాడీ కింది అరలో ఉండేదిగా?”

“అవును. మంటలకి దగ్గరని పెద్దసారే పైకి పెట్టించారు.”

“పైకి పెట్టిన రోజునుంచే దొంగతనం మొదలైంది! వాడు పొడుగ్గా ఉన్నవాడు కాబట్టే వంగి దొంగతనం చెయ్యలేడు!”

నేను ఆ స్కేలు తీసుకుని చూశాను. దాని మొదటి రెండు సెంటీమీటర్లు ఎప్పుడో విరిగిపోయి ఉన్నాయి. రెండు అంకె దగ్గర్నుంచి మొదలవుతోంది. స్కేలు ఎక్కడ మొదలవుతుందో చూసుకుని కొలవమని మొదటి రోజే అక్క మొత్తుకుంది. ముప్పైలోంచి రెండు తీసేస్తే ఇరవై ఎనిమిది.

“ఒరేయ్, ఇది నీ పాదమేరా.”

వాడు కాసేపు ఆ ముద్ర మీద తన బూటు ఆనించి చూసుకున్నాడు. “దొంగ నా బూట్లు వేసుకుని వచ్చాడన్నమాట,” అన్నాడు గొంతు తగ్గించి.

అంతటితో ఆగితే బాగుండేది. సిద్ధాంతం తయారైపోయింది కదా, ఇక వాడి కడుపులో ఉండదు. తిన్నగా పెద్దసారు గదికి నడిచాడు. నేను చొక్కా పట్టుకు లాగుతున్నా వినలేదు.

“సార్! దొంగ పొడుగు మనిషి!”

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. పెద్దసారు పదవిలోనే పెద్ద. మనిషి బాగా పొట్టి. ఆ మాట ఆయన ముందు ఎవరూ అనరు. ఆయన కూర్చునే కుర్చీకి రెండు దిండ్లు ఉంటాయని తెలిసినా, తెలియనట్టే ఉంటారు. బోర్డు మీద ఆయన సగానికే రాస్తే, కింది సగం చాలా స్పష్టంగా ఉంటుంది సార్ అంటారు. ఇక రెండో సంగతి, మా ల్యాబులో అందరికంటే పొడుగు మనిషి మా అక్క.

పెద్దసారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. “పొడుగు మనిషి,” అన్నారు మెల్లగా. “ఊ. సోమవారం ప్రిన్సిపాలుగారితో మాట్లాడతాను. మీరు వెళ్ళచ్చు.”

బయటికొచ్చాక వాణ్ణి చంపెయ్యాలనిపించింది. “కొరివితో తల గోక్కున్నట్టయిందిరా నిన్ను పిలవడం! మా అక్క కొంప ముంచావు!”

భూతద్దం మొహం పాలిపోయింది. వాడికి మా అక్కంటే నిజంగానే గౌరవం. పిపెట్‌ గొట్టం నోట్లో పెట్టి యాసిడ్ పీల్చబోయిన వాణ్ణి చెంప ఛెళ్ళుమనిపించి, రబ్బరు బుడ్డీ చేతికిచ్చి వాడమని చెప్పింది ఆవిడే. “సోమవారం పొద్దున్నే వల పన్నుతాను. దొంగని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోకపోతే ఈ భూతద్దం సముద్రంలో పారేస్తాను,” అన్నాడు. సముద్రం మాకు దగ్గర్లో లేదు.

సోమవారం తెల్లవారగానే అక్క దగ్గర తాళంచెవి అడిగాను. ఎందుకని కూడా అడక్కుండా ఇచ్చేసింది. “ఎలాగూ ఇవాళ తిరిగిచ్చెయ్యాల్సిందేగా,” అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ల్యాబు ఖాళీగా ఉంది. కిటికీల్లోంచి వెలుతురు జాడీ మీద పడుతోంది. భూతద్దం సింకు పక్కన, అర కిందుగా గొంతుక్కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

“ఇక్కడినుంచి దొంగ నా కన్ను తప్పించుకోలేడు. ఈగ కూడా వాలలేదు. జాడీ మీదే నా చూ…” అని ఆగిపోయాడు. జేబులోంచి భూతద్దం తీసి పెట్టుకుని చూశాడు. “ఒరేయ్! ఏడు వందల పది! దొంగతనం జరిగిపోయింది! మన కళ్ళ ముందే జరిగిపోయింది!”

నేను నిలబడ్డ చోటునుంచి తలెత్తి చూశాను. “ఏడు వందల డెబ్భై ఉందిరా.”

“మళ్ళీ పోశాడా? దొంగ తిరిగి పోస్తున్నాడు! పశ్చాత్తాపం!” అని అరుస్తూ ఎగిరి లేచాడు. వాడి తల వెళ్ళి సింకు కుళాయికి తగిలింది. ఠప్పుమంది. కుళాయి ఊడి వాడి చేతిలోకొచ్చింది. నీళ్ళు గొట్టంలోంచి కప్పు దాకా ఎగిశాయి.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని పెద్దసారు లోపలికొచ్చారు. కాళ్ళకి తళతళలాడే కొత్త తోలు చెప్పులు. ప్రిన్సిపాలుగారిని కలిసే రోజు కదా మరి. ఆయన వెనకే అక్క.

“ఏమిటిది? ఎవర్రా? ఆపండి!”

“దొంగ సార్! దొంగ కుళాయిలోంచి పారిపోయాడు!”

నీళ్ళు నేలంతా పరుచుకుని సారు చెప్పుల వైపు పరిగెత్తాయి. ఆయన చుట్టూ చూశారు. ఎదురుగా స్టూలు ఒకటుంది. ఆయన ఎప్పుడూ ఎవరి ముందూ స్టూలెక్కలేదు. కానీ కొత్త చెప్పులు కొత్త చెప్పులే. పంచె ఎత్తిపట్టుకుని టక్కున ఎక్కేశారు.

ఎక్కి తల తిప్పేసరికి, జాడీ ఆయన ముక్కుకి ఎదురుగా ఉంది.

ఆయన అరుపు ఆగిపోయింది. జాడీ వైపు చూశారు. మోకాళ్ళు కొంచెం వంచి చూశారు. మళ్ళీ నిటారుగా నిలబడి చూశారు. మళ్ళీ వంగారు, మళ్ళీ లేచారు.

“సార్, వ్యాయామమా?” అన్నాడు భూతద్దం, కుళాయి ఊడిన గొట్టానికి చెయ్యి అడ్డుపెడుతూ.

పెద్దసారు వినిపించుకోలేదు. అక్క వెళ్ళి గోడ పక్కన వాల్వు తిప్పింది. నీళ్ళు ఆగిపోయాయి.

“అమ్మా,” అన్నారు సారు, ఇటు తిరక్కుండానే. “శనివారం ఎంత పోశావు?”

“ఎనిమిది వందలు సార్.”

“రోజూ?”

“రోజూ ఎనిమిది వందలే సార్. నిలబడి, గీతకి కళ్ళు మట్టంగా పెట్టి, స్పిరిటు పైన వంపు తిరిగిన చోట అడుగు చూసే పోస్తాను. మీరు నేర్పినట్టే.”

“అంతే ఉందమ్మా,” అన్నారు ఆయన. “సరిగ్గా అంతే ఉంది. నేను కిందనుంచి చూశాను. కిందనుంచి చూస్తే గీతలు తక్కువ చూపిస్తాయి. నెల్రోజులూ కిందనుంచే చూశాను.”

అక్క ఆ తడినేల మీదే చతికిలబడి, మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. సారు స్టూలు మీదనుంచి ఎలా దిగాలో తెలియనట్టు అక్కడే నిలబడిపోయారు.

మధ్యాహ్నం మా బ్యాచికి క్లాసు. పెద్దసారు జాడీ పై అరలోనే ఉంచమన్నారు. తర్వాత, మొత్తం క్లాసు చూస్తుండగా, స్టూలు తనే మోసుకొచ్చి, దాని మీదకెక్కి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు, నవ్వాలో వద్దో తెలియక.

“ద్రవాన్ని చదివేటప్పుడు కళ్ళు గీతకి మట్టంగా ఉండాలని ఏళ్ళ తరబడి చెబుతున్నాను,” అన్నారు. “కళ్ళు అందకపోతే స్టూలెక్కాలి. ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఎక్కడానికి నాకు సిగ్గు. ఆ సిగ్గుతో మీ మేడమ్‌ని దొంగని చేశాను. తప్పు ఆవిడది కాదు, జాడీది కాదు, నాది. ప్రిన్సిపాలుగారికి కూడా పొద్దున్న ఇదే చెప్పి, ఈవిడ లేకపోతే ఈ ల్యాబు లేదని చెప్పి వచ్చాను.” తర్వాత గొంతు సవరించుకున్నారు. “ఇప్పుడు ఒకరు వచ్చి రీడింగు చెప్పండి.”

భూతద్దం చెయ్యెత్తాడు. వద్దని నేను గిల్లేలోపే ముందుకెళ్ళి, స్టూలు పక్కకి జరిపి, అర కిందుగా గొంతుక్కూర్చుని, అద్దం పెట్టి గట్టిగా చదివాడు.

“ఏడు వందల పది సార్!”

క్లాసు గొల్లుమంది. పెద్దసారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. కానీ నేను విన్నది వెనకనుంచి వచ్చిన అక్క నవ్వు. నెల్రోజుల తర్వాత అదే మొదటిసారి.

కేసు తనే ఛేదించానని భూతద్దం ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. నేను కాదనను. కుళాయి విరగ్గొట్టింది వాడే కదా.