డ్రాగన్ లేని పుస్తకానికి అట్ట

అట్ట మీద బొమ్మ వేసేవాళ్ళు ఆ పుస్తకాన్ని చచ్చినా చదవకూడదు. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. చదివితే ఎంత అనర్థమో బ్రిస్టల్‌లో ఉండే రోవెనా పెల్‌ను అడగండి.

మాయలూ మంత్రాలూ ఉండే నవలలకు అట్టలు వేయడం రోవెనా వృత్తి. ముసుగు మనిషి, కత్తి, వెనక మండుతున్న కోట. ఇన్నేళ్ళూ అవే వేసి సుఖంగా బతికింది. లోపల ఏముందో ప్రచురణ సంస్థ చెప్పేది కాదు, ఈవిడ అడిగేదీ కాదు. ఇంతకంటే గుట్టయిన కాపురం ఉంటుందా?

ఓ నవంబర్‌లో ఏం బుద్ధి పుట్టిందో, రైలు దారిలో ఆగిపోతే తోచక, అట్ట వేయమని సంస్థ పంపిన, హిల్డా క్రాన్‌మోర్ అనే కొత్త రచయిత్రి నవల రాతప్రతి తెరిచింది. అందులో నాయిక పడవ నడిపే ముసలావిడ. కత్తి ముట్టదు. రెండు సేనల మధ్య నదిలో పడవ ఆపి, కబుర్లతోనే యుద్ధాన్ని వాయిదా వేయిస్తుంది. కార్డిఫ్‌లో దిగాల్సిన రోవెనా చదువుతూ చదువుతూ స్వాన్సీ దాకా పోయింది. చూశారా ప్రమాదం!

ఇంటికొచ్చి ఆ ముసలావిడనే వేసింది. తెడ్డు మీద గడ్డం ఆనించి, సూటిగా మనల్నే చూస్తూ, ఏదో చెప్పబోతున్నట్టు. అంత ఇష్టంగా ఏ బొమ్మా వేయలేదు.

సంస్థలో అట్టల వ్యవహారం చూసే ఫెలిక్స్ ఫోన్ చేసి అద్భుతం అన్నాడు. ఇంగ్లండ్‌లో మన పని అద్భుతమని ఎవరైనా అంటే ముందు కుర్చీ వెతుక్కోవాలి, వెనకే పిడుగు పడుతుంది. మార్కెటింగ్ వాళ్ళకు చిన్న చిన్న సందేహాలున్నాయట. వయసు కాస్త తగ్గాలట. ఇరవైకి తగ్గింది. మొహం కనిపిస్తే పాఠకుడి ఊహకు అడ్డమట. వెనక్కి తిరిగింది. తెడ్డుకు కాస్త పదును కావాలట. కత్తి అయింది. పోట్లాడితే అట్ట ఇంకొకరి చేతికి పోతుంది, అప్పుడా పడవైనా మిగలదని రోవెనా ఒప్పుకుంటూ పోయింది. చివరికి, ఆకాశం ఖాళీగా ఉంది, నిప్పులు కక్కే డ్రాగన్‌ను పెట్టమన్నారు.

"పుస్తకంలో డ్రాగన్ లేదు, ఫెలిక్స్."

"తెలుసు. అది రచయిత్రి పొరపాటు. ఆవిడతో మేం మాట్లాడతాంలే."

మాట్లాడారు. హిల్డా బళ్ళో నర్సుగా చేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటాక మొదటి నవల. కాదంటే పుస్తకం ఏ యేటికి అచ్చవుతుందో తెలియదు. అందుకని ఇప్పుడు పదిహేడో అధ్యాయంలో ఓ డ్రాగన్ వస్తుంది, నది మీదుగా ఎగురుతుంది, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిపోతుంది.

పుస్తకం విడుదల బ్రిస్టల్‌లోనే ఒక షాపులో జరిగింది. వెనక వరసలో నక్కి కూర్చున్న రోవెనాను హిల్డాయే వెతుక్కుంటూ వచ్చింది.

"ఆ డ్రాగన్ నీదేనటగా, అమ్మాయ్? భలే ఉంది. నాకే సరిగ్గా కుదర్లేదు."

రోవెనాకు మొహం చెల్లలేదు. ఫోన్ తీసి, మొదట వేసిన బొమ్మ చూపించింది. హిల్డా కళ్ళజోడు మార్చుకుని చాలాసేపు చూసింది.

"అయితే నువ్వు చదివావు," అంది మెల్లగా. "ఆ సంస్థవాళ్ళలో ఒక్కరైనా చదివారేమోనని పొద్దుట్నుంచీ మాటల్లో పెట్టి చూస్తున్నా. అందరూ డ్రాగన్ గురించే చెప్పారు."

ఇద్దరూ అక్కడే, అరల మధ్య నేల మీద కూలబడి, పడవావిడ కబుర్లలో పడిపోయారు. అవతల జనం డ్రాగన్‌ను చంకలో పెట్టుకుని, సంతకం కోసం వరసలో నిలబడే ఉన్నారు.

అందుకే అంటున్నాను, ఈ చదివే అలవాటు మాన్పించాలి. రాసినావిడా బొమ్మ వేసినావిడా ఇలా కథ గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటే, పుస్తకాలు అమ్ముడుపోయేదెలా?