పాఠం విన్నవాళ్ళ కాళ్ళు

ఆ ఊరి పెద్దాసుపత్రిలో గుండె జబ్బు జాగ్రత్తల పాఠం ఎవరు వింటే ఆ జబ్బు వాళ్ళ ఒంట్లోకి మారిపోతుంది. ఇందులో వింతేమీ లేదు, మొదట్నుంచీ ఉన్న పద్ధతే. పేషెంటు బట్టలు సర్దుకుంటుంటే పక్కన నిలబడి తలూపేది ఎవరో, నర్సు వాళ్ళ పేరే రాసుకుంటుంది.

గౌరునాయుడిని ఇంటికి పంపే రోజు నర్సు వచ్చి, "ఉప్పు తగ్గించాలి, నీళ్ళు కొలిచి తాగాలి, రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి" అని మొదలెట్టింది.

"అయ్యన్నీ మా ఇంటిదానికి సెప్పమ్మా" అని ఆయన దర్జాగా టీకొట్టుకు బయల్దేరాడు. భార్య నూకరత్నం బుద్ధిగా విన్నది. కాళ్ళు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే రావాలన్న మాట పూర్తయ్యేసరికి ఆమె మెట్టెలు బిగుసుకున్నాయి. ఆయన మాత్రం మెట్లు గబగబా దిగిపోయాడు.

ఇక చూడండి వైభోగం! ఆయన ఎండుచేపల పులుసు జుర్రుకుంటే ఆమె పాదాలు బూరెల్లా పొంగేవి. ఆయన చెంబెడు మజ్జిగ తాగి త్రేనిస్తే ఆమెకు ఊపిరాడేది కాదు. పాపం, తను ఉప్పు మానేసింది, నీళ్ళు కొలుచుకుంది. తినే నోరు ఆయనదైతే ఏం లాభం? మళ్ళీ మళ్ళీ ఆసుపత్రిలో చేరింది.

"ఉప్పు వద్దని చెప్పాం కదమ్మా!" అని డాక్టరు కేకలేశాడు.

"నాను ముట్టట్లేదు బాబూ. ఆయనే తింతన్నాడు."

"మరి ఆపాలి కదా! పాఠం విన్నది మీరు." న్యాయమే. ఇంకోసారి ఇలా వస్తే బతకడం కష్టమని కూడా చెప్పాడు.

ఇంటికి పంపేటప్పుడు పాఠం మళ్ళీ చెబుతారు. జబ్బు చేతులు మారేది అప్పుడే. నూకరత్నం మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఈపాలికి నువ్వినయ్యా. ఊపిరాడక సచ్చిపోతన్నాను."

గౌరునాయుడికి జాలేసింది. నిజంగానే వేసింది. కళ్ళు తుడుచుకుని, "నాకు బుర్రకెక్కదు గానీ, మా కోడలు సదువుకున్న పిల్ల. దానికి సెప్పండి" అన్నాడు.

కోడలు హైమ చేతిలో క్యారేజీ కిందపెట్టి ముందుకొచ్చింది. నర్సు కలం తీసి పేరడిగింది. నూకరత్నం మంచం మీంచి లేచి, రెండు చేతులతో ఆ పిల్ల చెవులు గట్టిగా మూసేసింది.

"నాకే సెప్పమ్మా" అంది రొప్పుతూ. "నాకలవాటే."

నర్సు మళ్ళీ ఉప్పు దగ్గర్నుంచి మొదలెట్టింది. గౌరునాయుడు క్యారేజీ మూత తీసి, ఆవకాయ ఏదని కోడల్ని అడిగాడు. ఆ పిల్లకు వినపడలేదు.