రెండో బేసు బదిలీ

జిల్లా స్టేడియంలోని బేస్‌బాల్ మైదానం నుంచి రెండో బేసును పాలనా సౌలభ్యం దృష్ట్యా సింగుపాలేనికి బదిలీ చేశారు. సింగుపాలెం క్రీడల మంత్రిగారి సొంత ఊరు. బస్సులో రెండు గంటల ప్రయాణం. మిగతా మూడు బేసులూ స్టేడియంలోనే ఉన్నాయి. ఆట నియమాల్లో మార్పేమీ లేదు. బంతిని కొట్టిన మనిషి నేల మీద దిండుల్లా ఉండే ఈ బేసులన్నీ వరసగా తొక్కి బయలుదేరిన చోటికి తిరిగి వస్తే ఒక పరుగు. బేసు మీద కాలు లేనప్పుడు ఎదుటి జట్టువాళ్లు బంతితో ముట్టుకుంటే అవుట్.

అందువల్ల బొడ్డేపల్లి హైమావతి మొదటి బేసు తొక్కి నేరుగా బస్టాండుకు పరిగెత్తింది. ఈ పరుగు వస్తే వాళ్ల జట్టు గెలుస్తుంది. గెలిస్తే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు ఉంటే స్పోర్ట్స్ కోటాలో కానిస్టేబులు ఉద్యోగానికి అర్హత. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. చదివినన్నాళ్లూ జీడిపిక్కలు కొట్టింది. బేస్‌బాల్ మీద ఆమెకు ప్రత్యేకించి ఇష్టం లేదు. ఆ ఆటకు పోటీ తక్కువని పీఈటీ మాస్టారు చెప్పారు.

ఎదుటి జట్టు అమ్మాయి గేదెల రోహిణి బంతితో సహా అదే బస్సు ఎక్కింది. హైమావతిని అవుట్ చేస్తే ఆ సర్టిఫికెట్టు రోహిణికి వస్తుంది. వేరే సీట్లు ఖాళీ లేక ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బస్సు ప్రభుత్వ ఆస్తి కాబట్టి అందులో ఎవరినీ అవుట్ చేయరాదని ఉత్తర్వు ఉంది. హైమావతి ఆ ఉత్తర్వు చదివింది. నమ్మలేదు.

"బేసుకేనా?" అని కండక్టరు ఆధార్ కార్డులు చూసి ఇద్దరికీ జీరో టికెట్లు కొట్టాడు. "దెబ్బలాడుకోకండమ్మా, వెనకాల కోళ్లున్నాయి."

రోహిణి సంచిలోంచి చెయ్యి తీసి చాపింది. "తింటావేటి?"

"ఏటది?"

"జంతికలు. ఓలమ్మ, అంత అనుమానమేటే నీకు?"

"రెండో చెయ్యి సూపించు."

రోహిణి చూపించింది. అయినా హైమావతి తినలేదు. "మంత్రి మీ ఊరోడే కదా. మీవోలే బేసు రాయించుకుపోనారు."

"మావోలికి అదేటో కూడా తెల్దు. మొన్నటిదాకా తలగడనుకున్నారు."

సింగుపాలెంలో బేసును మండల కార్యాలయం వరండాలో గొలుసేసి ఉంచారు. బస్సు ఆగకముందే ఇద్దరూ దూకారు. హైమావతి కాలు బేసుకి, రోహిణి బంతి హైమావతి జబ్బకి ఒకేసారి తగిలాయి. ఇలాంటప్పుడు తీర్పు కంప్యూటరుది.

"ఎవరి వేలిముద్ర ముందు పడితే వాళ్ల మాట నిజం," అంటూ ఆపరేటరు ఢిల్లేశ్వరరావు మిషను బయటికి తెచ్చాడు. హైమావతి వేలు పడలేదు. రోహిణిదీ పడలేదు.

"జీడిపిక్కలేనా?" అని అడిగాడు. "ఆ జీడి రసం గీతల్ని తినేస్తాది."

"నువ్వూ కొట్టావేటి?" అంది హైమావతి.

"మరి ఫీజులెవులు కడతారు?" అంది రోహిణి, బంతి దించకుండా.

ముద్ర పడేదాకా ఉన్నచోటే ఉండాలని నిబంధన. హైమావతి బేసు మీద కాలుంచి నిలబడింది. రోహిణి బంతితో జానెడు దూరంలో నిలబడింది.

అయిదవుతుండగా ఢిల్లేశ్వరరావు గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంకో దారుంది. బదిలీ మీద అభ్యంతరాలకి ఇయాల అయిదింటికే ఆఖరు. ఎదురెదురు జట్లోళ్లు ఇద్దరూ లోపలికొచ్చి కలిసి వేళ్లెట్టాలి. గీతలు చెరిగిపోయినా పర్లేదు, రెండు వేళ్లూ కలిపి ఒక మనిషి కింద తీసుకుంటాది. రేపటికి బేసు స్టేడియానికి ఎల్లిపోద్ది. మీ ఆట అక్కడే తేల్చుకోండి. బంతి మాత్రం లోపలికి తేకూడదు."

కంప్యూటరు గది నాలుగడుగుల్లో ఉంది.

"ముందు నువ్వు బంతి కిందెట్టు," అంది హైమావతి.

"ముందు నువ్వు కాలు తియ్యి."

"తీస్తే అంటించెస్తావు."

"పెడితే నువ్వు దాన్ని అవతలకి తన్నెస్తావు."

"నాను మూడు లెక్కెడతాను, ఇద్దరూ ఒక్కసారే చెయ్యండి," అన్నాడు ఢిల్లేశ్వరరావు. లెక్కపెట్టాడు. ఎవరూ కదల్లేదు.

"ఈయన మీవోడు కాడని గేరంటీ ఏటి?" అంది హైమావతి.

"నాకూ అదే డౌటు," అంది రోహిణి.

అయిదింటికి కంప్యూటరు తనంతట తానే ఒక వాక్యం రాసుకుంది. నిబంధన ప్రకారం ఢిల్లేశ్వరరావు దాన్ని గట్టిగా చదివాడు: "బదిలీపై అభ్యంతరాలు లేవు. క్రీడాకారుల పూర్తి సమ్మతితో రెండో బేసు శాశ్వతంగా సింగుపాలెంలోనే ఉంటుంది."

"మరి సర్టిఫికెట్టు?" అని అడిగింది హైమావతి.

"ఆట అయ్యాక."

"ఆటెప్పుడవుద్ది?"

"ముద్ర పడ్డాక."

అతను గదికి తాళం వేసి, లోపలినుంచి ముందే తెచ్చిపెట్టిన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వాళ్లకిచ్చాడు. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగాడు.

"రేపు ఇంకో మ్యాచుంది. వచ్చే జతకి చోటు కావాల. కొంచెం జరగండమ్మా."

హైమావతి రోహిణి వైపు చూసింది. రోహిణి హైమావతి వైపు చూసింది. ఇద్దరూ ఒక్కసారే, సమానంగా, కుర్చీలు జరుపుకున్నారు.