విప్పరాని పుల్లల కట్ట

లెక్కలు రాని పిల్లలు ఉండవచ్చు గాని, లెక్కలు నేర్పే పథకం లేని జిల్లా ఉండరాదు. ఈ మహత్తర సూత్రం మీదే జాంబియాలో చోమా పట్నం పక్కనున్న ఒక బడికి 'పుంజుకునే గంట' వచ్చింది. బడి వదిలాక, ఏ తరగతి పిల్లలైనా సరే, రాని లెక్కను బట్టి ఒకచోట కూర్చుని పుల్లలతో నేర్చుకోవాలి. పదేసి పుల్లలకు రబ్బరు వేసిన కట్టలు, కొన్ని విడిపుల్లలు పెట్టెలో దిగాయి. (పెట్టెకు తాళం ఉంది. పిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు. అది వేరే శాఖ.)

ముతింతా టీచరుకు ఈ పద్ధతి మహా నచ్చింది. నలభై రెండులోంచి పదిహేడు తీయాలంటే, ఉన్న రెండు విడిపుల్లల్లోంచి ఏడు ఎలా వస్తాయి? ఒక కట్ట విప్పాలి. చేతులతో ఒక్కసారి విప్పిన పిల్ల మరి మర్చిపోదు.

ఐదో తరగతి చోల్వే సరిగ్గా అక్కడే ఆగిపోయింది. ఈసారి పరీక్ష తప్పితే బడి మాన్పించి సంతలో టమాటాల దగ్గర కూర్చోబెడతానని మేనత్త తేల్చి చెప్పింది. ముతింతా ఆ పిల్ల చేతికి కట్ట ఇవ్వబోతుండగా, పుల్లల సంరక్షణ ఉపాధికారి హమూంగాగారు తనిఖీకి వచ్చారు.

కట్టలు పథకం ఆస్తి అనీ, వచ్చిన రూపంలోనే తిరిగి అప్పజెప్పాలనీ ఆయన సెలవిచ్చారు. విప్పకుండా తీసివేత ఎలా నేర్పాలని ఆమె అడిగింది. దానిమీద ఒక కమిటీ వేశారట. కూర్చోవడానికి కుర్చీలు ఇంకా రావలసి ఉన్నాయట. పోనీ బయట ఏరుకొచ్చిన పుల్లలతో? ఆమోదం లేని పుల్లలతో వచ్చిన జవాబు చెల్లదట.

"ఒక్క కట్ట విప్పి, మళ్లీ నేనే కట్టేస్తాను సార్."

"రబ్బరు సాగిపోతుంది మేడం. సాగిన రబ్బరుకు జవాబుదారీ ఎవరు, మీరా నేనా?"

ముతింతాకు ఒళ్లు మండింది. కానీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నోరు మూసుకుని, కట్ట విప్పినట్టు ఊహించుకోమని పిల్లలకు చెప్పింది. (ప్రస్తుతానికి ఊహకు అనుమతి అక్కర్లేదు; నిబంధనలకు సవరణ రావచ్చు.)

పరీక్షకు హమూంగాగారే వచ్చారు. బల్ల మీద నాలుగు కట్టలూ రెండు పుల్లలూ పెట్టి, పదిహేడు తీసేయమన్నారు. చోల్వే రెండు విడిపుల్లలూ పక్కకు జరిపి, ఒక కట్ట మీద వేలు పెట్టింది.

"ఆ కట్ట ఒకటి విప్పనివ్వండి సార్, చెప్తాను."

ముతింతా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. జవాబు అడిగితే పిల్ల ఆస్తి నష్టానికి పూనుకుందని ఆయన రాసుకుని, పరీక్ష తప్పినట్టు తేల్చేశారు.

ఒక్క రబ్బరూ సాగనందుకు జిల్లాలో మొదటి బహుమతి ఆ బడికే వచ్చింది. ముతింతా ఉద్యోగం కూడా ఖాయమైంది. బహుమతి సభలో చప్పట్ల మధ్య ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషం పట్టలేక అనుకున్నారు.

తిరుగు దారిలో హమూంగాగారు సంతలో ఆగి టమాటాలు కొన్నారు. చోల్వే చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చింది. ఆయన ఎంతో సంతోషించి, అక్కడికక్కడే ఆ పిల్ల పేరు పక్కన 'పథకం వల్ల పుంజుకుంది' అని రాసుకున్నారు.